వంతెన మీద ఆగిన పిలుపు

పోయిన వారం ఆ-సాన్‌ని మెట్ల మీద నిలబెట్టి మన పనుల్లోకి మనం వెళ్ళిపోయాం. పాపం ఆ పిల్ల వారం రోజులుగా ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింది మెట్టు మీద పెట్టుకుని అలాగే ఉంది. ముందు తనని పైకి తీసుకెళ్ళి కూర్చోబెడదాం.

కొత్తగా వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. తైవాన్‌లో కావోష్యుంగ్ రేవులో, యెన్‌చెంగ్ పేటలో, ఓడలకి గొలుసులూ బోల్టులూ అమ్మే కొట్టు మీద ఒక ఇరుకు స్టూడియో ఉంది. దాంట్లో ర్యాప్ పాడే పిల్ల ఆ-సాన్. ముప్ఫై ఒక్కేళ్ళు. ఉప్పుచేప అని తనకి తనే పేరు పెట్టుకుని తొమ్మిదేళ్ళు రేవు సంతల్లో, పెళ్ళి విందుల్లో, ఫోన్ల కొట్టు ప్రారంభోత్సవాల్లో గొంతు అరగదీసుకుంది. మొదటి ఆల్బమ్‌ని కన్నతల్లి కూడా చివరిదాకా వినలేదు. రెండోది ‘తడి బూట్లు’. ఈ వసంతంలో వచ్చింది, రావడం రావడమే ద్వీపమంతా పాకింది. అందులో నాలుగో పాట మరీను. బరువైన డప్పు మోత మధ్యలో ఎవరిదో పాతకాలపు బొంగురు గొంతు “కొయె కియో ఓ...” అని సాగదీస్తుంది. వంతెన దాటు, అని. ఆ కేక వచ్చినప్పుడల్లా కుర్రకారంతా చేతులు పైకెత్తి తామూ అరుస్తారు. పై శనివారం రేవు గట్టున ఇరవై వేల మంది ముందు ఆ పాట పాడబోతోంది ఆ-సాన్.

ఆ సంబరంలో గబగబా మెట్లెక్కుతుంటే నాలుగో మెట్టు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. చేతిలో అగరొత్తుల కట్ట. ఆ-సాన్ మొహంలోకి చూసి, “నా బిడ్డని ఇంకెన్నాళ్ళు ఆ వంతెన మీద నిలబెడతావే తల్లీ?” అంది.

అక్కడ ఆపాం.

ఆ-సాన్‌కి ఏమీ అర్థం కాలేదు. పిచ్చిదేమో అనుకుందామంటే ఆవిడ బట్టలు ఇస్త్రీ చేసి ఉన్నాయి, జుట్టు నున్నగా దువ్వి ముడి వేసుకుని ఉంది. నడిమధ్యాహ్నం ఎండ కొట్టు రేకుల మీద నుంచి మెట్ల మీదికి కొడుతోంది. “ముందు లోపలికి రండి అవ్వా, ఇక్కడ మాడిపోతారు” అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పొడిగా, తేలిగ్గా ఉంది. మోకాలు నొప్పేమో, ప్రతి మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి గానీ ఆవిడ పై మెట్టెక్కలేదు.

స్టూడియోలో బాన్ మామ నేల మీద చతికిలబడి తన సన్నాయి పీకలు నానబెట్టుకుంటున్నాడు. డెబ్భై దాటిన మనిషి. ఆల్బమ్‌లో మూడు పాటలకి సన్నాయి ఆయనదే. నలభై ఏళ్ళు చావు మేళాల్లో ఊదిన సన్నాయి అది, ఒక చెవి దానికే ధారపోశాడు. శనివారం వేదిక మీద తనకి నల్ల కళ్ళజోడు పెడతారని తెలిసినప్పటి నుంచి ఆయన కాళ్ళు నేల మీద లేవు.

“ఎవరే పిల్లా? మీ అవ్వా?” అన్నాడు.

“కాదు మామా. ఈవిడ...”

“గ్వాత్ అంటారు నన్ను. ఛ్యెన్‌జెన్ చేపల రేవు దగ్గర ఇల్లు” అంది ముసలావిడ. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది, పరాయింట్లో కూర్చున్నట్టు.

ఆ-సాన్ టీ పోసింది. బల్ల మీద చోటు కోసం చూస్తే హుయ్ తిని వదిలేసిన చేప గంజి గిన్నె కనబడింది. సిగ్గేసి దాని మీద దినపత్రిక కప్పి, కప్పు పక్కన పెట్టింది. ఈ హుయ్ సంగతి మనకి తెలిసిందే. ఆల్బమ్‌లో బీట్లన్నీ అతనివే. నలభై ఐదేళ్ళ మనిషి, నాలుగేళ్ళ కిందట ఎక్కడి నుంచో ఒక సంచీ తగిలించుకుని వచ్చాడు. ఎండలో కూడా మొహానికి మాస్కు, కళ్ళ మీదికి టోపీ. ఆల్బమ్ అట్ట మీద అందరి పేర్లూ వేస్తే, తన చోట ‘పేరులేదు’ అని వేయించుకున్నాడు. ఫోటో అంటే, “తీశావా, బీట్లన్నీ మూట కట్టుకుని పోతా” అని బెదిరించేవాడు. హిప్‌హాప్ వాళ్ళలో మొహం దాచుకోవడం ఒక వేషమే కదా అని ఎవరూ లోతుకి వెళ్ళలేదు. ఒక్క అలవాటుకి మాత్రం ఆ-సాన్ రోజూ నవ్వేది. చేప తిన్నాక ఆ రెండు కళ్ళూ తీసి గిన్నె అంచు మీద, కిటికీ వైపు చూసేట్టు పెడతాడు. “కాపలా వాళ్ళు. నేనొచ్చేదాకా బీట్లు చూసుకుంటారు” అనేవాడు. ఇవాళా అలాగే పెట్టి, శనివారానికి వైర్లు కొనడానికి బజారుకెళ్ళాడు.

“చెప్పండి అవ్వా. ఏ వంతెన? మీ బిడ్డెవరు?”

“నీ పాటలో ఉన్నది నా గొంతు.”

ఆ-సాన్ నవ్వింది. నవ్వకూడదని తెలిసీ నవ్వింది. పాట పేరు మోగాక ఇలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు మరి, ఆ బీటు మాదంటూ, ఆ మాట మాదంటూ. “లేదవ్వా, అది మగాయన గొంతు. పాత పడవల రేవులో, బల్ల మీద నుంచి జనాన్ని పడవలోకి దాటించే ఆయన కేక. పాత సామాన్ల సంతలో దొరికిన టేపు అది. ఆల్బమ్ అట్ట మీద కూడా వేశాం.”

చప్పుడైంది. బాన్ మామ చేతిలోంచి సన్నాయి పీక నీళ్ళ గిన్నెలో పడింది.

“ఏమన్నావే? పడవల కేకా?”

“అంతేగా మామా.”

“నీకు తెలుసనుకున్నానే!”

“ఏం తెలుసనుకున్నావు?”

“అది చావు పిలుపని!”

ఆ-సాన్ గబుక్కున అవ్వ వైపు తిరిగితే ఆవిడ ఔనన్నట్టు తల ఊపింది.

“ఆల్బమ్ వచ్చాక కూరగాయల బజార్లో మొదటిసారి విన్నా” అన్నాడు బాన్ మామ. “నాచేత ఊదించినప్పుడు వట్టి డప్పే వినిపించారు కదా, ఆ కేక ఉందని నాకేం తెలుసు? వినగానే గుండె ఝల్లుమంది. కానీ ఈ కాలం పిల్లలు, శ్మశానాల్లో ఫోటోలు దిగుతారు, పుర్రెల చొక్కాలేస్తారు, ఇదీ అలాంటి గొప్పేమోలే, ముసలాణ్ణి నాకెందుకు అని ఊరుకున్నా. నిజంగా తెలీదా నీకు? మీ ఇంట్లో ఎవరూ చావలేదా?”

“చచ్చారు మామా! కానీ మాది చర్చి ఇల్లు. మా తాత పోతే నాలుగు కీర్తనలు పాడాం, పూలు పెట్టాం, వచ్చేశాం. వంతెనల సంగతి ఎవరు చెప్తారు నాకు?”

అదీ సంగతి. ఆ-సాన్‌కి తైవానీ భాష వాళ్ళ అవ్వ ఒళ్ళో వచ్చింది, కీర్తనల పుస్తకంలో వచ్చింది. ప్రతి మాటా తెలుసు. ఆ మాట ఎక్కడ పలుకుతారో తెలియదు. వీధిలో పదిళ్ళకి తొమ్మిదిళ్ళ పిల్లలకి తెలిసే సంగతి ఆ పదో ఇంటి పిల్లకి తెలియలేదు, ఆ పదో ఇంటి పిల్లే పాట కట్టింది.

“శవం ఊరి బయట దొరికితే ఇంటికి తెస్తాం చూడు,” బాన్ మామ గొంతు తగ్గించాడు, “ఆత్మ వెనకే వస్తుంది. నీళ్ళు అడ్డొస్తే దారి తప్పుతుంది. అందుకని ప్రతి వంతెన దగ్గరా పేరు పెట్టి పిలవాలి. ఫలానావాడా, ఇదిగో వంతెన, దాటు, అని. గుమ్మం దగ్గరికొచ్చాక, ఇల్లొచ్చింది, లోపలికి రా అని చెప్పాలి. ఆ చివరి మాట చెప్తేనే పిలుపు పూర్తయినట్టు.”

ఆ-సాన్ పక్కనున్న తన ఫోను వైపు చూసింది. నెలల తరబడి తన పాట కింద జనం రాసిన మాటలు గుర్తొచ్చాయి. ఒళ్ళు జలదరించింది, ఒళ్ళు జలదరించింది, ఒళ్ళు జలదరించింది. ఎన్ని వందలమంది రాశారో. మెచ్చుకోలనుకుని పడుకునే ముందు ఒకటికి మూడుసార్లు చదువుకునేది. పాపం వాళ్ళు ఉన్నమాటే రాశారు.

“అయినా అవ్వా, అది మీ గొంతెలా...” అని నసిగింది. “ఇది లావు గొంతు.”

“గొంతు లావు చేశారు. ఊపిరి లావు చెయ్యలేరుగా” అంది గ్వాత్ అవ్వ. కసిరినట్టు కాదు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. “దాటు అన్నాక నాకు ఊపిరి అందక ఎక్కిళ్ళు వచ్చిన చోటు ఉంది. పాట పెట్టు, చూపిస్తా.”

ఆ-సాన్ ఫోను తీసి పాట పెట్టింది. ఆ ఫోను ఎప్పుడూ స్టూడియో పెద్ద స్పీకర్లకి కలిపే ఉంటుంది. మనిషంత ఎత్తున్న స్పీకర్లు రెండూ ఒక్కసారి గర్జించేసరికి ముసలావిడ ఉలిక్కిపడి కప్పు పట్టుకుంది. డప్పు మోగింది. కొయె కియో ఓ... ఆ సాగదీత చివర సన్నగా రెండు ఎక్కిళ్ళు. వెనకాల ఎక్కడో దూరంగా ఒక కీచుమన్న కూత. ఆ రెండు ఎక్కిళ్ళనీ హుయ్ తాళంగా మార్చి పాటంతా పరిచాడు. ఆ-సాన్‌కి అన్నిటికంటే ఇష్టమైన ముక్క అదే. దాని మీదే తను ఊగిపోతూ పాడేది.

గ్వాత్ అవ్వ వేలు పైకెత్తింది. “అదిగో. నేను. ఆ కూత, గావ్‌పింగ్ నది పెద్ద వంతెన మీద లారీ చక్రం గుంతలో పడ్డప్పుడు సన్నాయివాడు తప్పిన అపస్వరం.”

బాన్ మామ లేచి నిలబడ్డాడు. చెవిటి చెవిని కాక మంచి చెవిని స్పీకరుకి ఆనించి, పాటని వెనక్కి తిప్పమని సైగ చేశాడు. మళ్ళీ విన్నాడు. మళ్ళీ.

“ఆ కీచు నాదే” అన్నాడు. “ఆ రోజు పీక పెదవికి కోసుకుని రక్తమొచ్చింది. ఇదిగో మచ్చ.” తరవాత నెమ్మదిగా ఆవిడ వైపు తిరిగాడు. “మీరు... ఫాంగ్‌లియావ్ నుంచి... ఆ తల్లి మీరేనా?”

“మీకు జుట్టుండేది అప్పుడు” అంది గ్వాత్ అవ్వ.

నవ్వాలో ఏడవాలో తెలియక ముసలాయన తల తడుముకున్నాడు. ఆ-సాన్ వైపు తిరిగి చెప్పుకొచ్చాడు. “ఇరవై ఆరేళ్ళయిందే. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ శవం వెంట నడవకూడదు కదా. మేళంవాళ్ళం, పూజారి, బంధువులు, అందరం ఒద్దన్నాం. కొడుక్కి పెళ్ళి కాలేదు, పిలవడానికి పిల్లలు లేరు, ఎవరు పిలుస్తారు మరి అని ఈవిడ ధూపం పట్టుకుని లారీ ఎక్కేసింది. ఏడు వంతెనలు! ఏడిటికీ తనే పిలిచింది. మా మేళం పెద్ద కొత్తగా టేపు రికార్డరు కొనుక్కున్నాడు, ముచ్చటపడి అదంతా పట్టాడు. నా జన్మలో అలాంటి పిలుపు వినలేదు.”

“ఆ టేపు తరవాత నాకే తెచ్చిచ్చాడు పెద్దాయన. ఇంకో కాపీ లేదన్నాడు” అంది గ్వాత్ అవ్వ.

తరవాత ఆవిడే మిగిలింది చెప్పింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా గోడకున్న చప్పుడు ఆపే, గుడ్ల అట్టల్లాంటి నురుగు పలకల్ని చూస్తూ. కొడుకు పేరు ఆ-తేక్. పంతొమ్మిదేళ్ళు. సముద్రం మీద పని ఒద్దురా, రేడియోలు బాగుచెయ్యడం నేర్చుకున్నావు, కొట్టు పెట్టుకోరా అంటే వినలేదు. పడవ ఎక్కాడు. ఆరుగురు ఎక్కారు. గాలివానకి పడవ తిరగబడింది. పదకొండో రోజున ఫాంగ్‌లియావ్ ఇసుకలో ఒక్క శవం తేలింది. మిగతా ఐదుగురి జాడ ఇప్పటికీ లేదు.

“మొహం లేదు తల్లీ. చేపలు తినేశాయి. నీలం కోటు ఉంది ఒంటి మీద. మోచేతి దగ్గర మాసిక నేను వేసిందే, దారం సరిపోక సగం నలుపు, సగం నీలం. ఇంకేం చూడాలి? నా బిడ్డే అన్నాను. మిగతా ఐదుగురి తల్లులూ వచ్చి, గ్వాత్, నువ్వు అదృష్టవంతురాలివే, నీవాడు కనీసం ఇంటికొచ్చాడు అన్నారు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళు బతికాను. పొద్దున్నే వాడి పేరు చెక్కిన పూజ పలక ముందు అన్నం పెడతాను, వాడు ఇంట్లో ఉన్నాడు అనుకుంటాను.”

ఆ-సాన్ ఆవిడ కప్పులో మళ్ళీ టీ పోసింది.

“పోయిన నెల ఉల్లికాడలు కొనుక్కుని వస్తున్నా. బస్సు స్టాపు దగ్గర బడి పిల్లలు, ఇంతమంది, చేతులెత్తి నా బిడ్డని పిలుస్తున్నారు. దాటు, దాటు, దాటు. నడిరోడ్డు మీద నిలబడిపోయాను. మోటారు బండివాడు తిట్టి పోయాడు. మా పక్కింటి పిల్ల నీ పాట మొత్తం వినిపించింది. చివరిదాకా విన్నాను తల్లీ, చెవి దగ్గర పెట్టుకుని. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని. అననే అనలేదు. వంతెన మీదే ఆపేశారు. ఇల్లొచ్చిందన్న మాట ఒక్కళ్ళూ అనలేదు.” ఆవిడ ఒళ్ళో ఉన్న అగరొత్తుల కట్టని అటూ ఇటూ తిప్పింది. “ఆ రాత్రి నుంచి వాడి అన్నం గిన్నె చూస్తే నాకు ఖాళీగా కనిపిస్తోంది. నువ్వు నా బిడ్డని ఇంట్లోంచి పిలిచేశావు. మళ్ళీ ఇంటికి చేర్చలేదు. శనివారం ఇరవై వేల మంది పిలుస్తారట కదా?”

ఆ-సాన్ కుర్చీలోంచి జారి నేల మీద ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చుంది. తొమ్మిదేళ్ళు. ఈ ఒక్క పాట కోసం తొమ్మిదేళ్ళు. ఉప్పుచేప అని జనం పిలిచిన పేరు, రేపు శనివారం, ఇరవై వేల చేతులు, అన్నీ ఒక ముసలితల్లి ఎక్కిళ్ళ మీద కట్టుకున్న మేడ.

“తీసేస్తానవ్వా” అంది. “పాట తీసేస్తా. శనివారం పాడను. ఆల్బమ్‌లోంచి కూడా తీసేస్తాను.”

“పిల్లా!” అన్నాడు బాన్ మామ.

“నువ్వుండు మామా.”

“తియ్యమన్నానా?” అంది గ్వాత్ అవ్వ. “ఎందుకు తియ్యడం? పిల్లలు ముచ్చటగా పాడుకుంటున్నారు. నా గొంతు నాకే బావుంది, ఎప్పుడూ ఇంత గట్టిగా వినలేదు నేను. తియ్యొద్దు. పూర్తి చెయ్యి. చివర ఒక్క మాట పెట్టు. ఆ-తేక్, ఇల్లొచ్చింది, లోపలికి రా. అంతే. అది కలిపేస్తే నేను వెళ్ళిపోతాను.”

ఆ-సాన్ ఆవిడ మోకాలి మీద తల ఆనించి ఏడ్చేసింది. తరవాత చటుక్కున లేచింది. పని దొరికితే దుఃఖం కాస్త పక్కకి జరుగుతుంది ఆ పిల్లకి. మైకు లాక్కొచ్చి ఆవిడ మూతి ఎత్తుకి దించింది. రికార్డింగు నొక్కింది, ఎర్ర లైటు వెలిగింది. “ఇప్పుడే చెప్పండవ్వా. మీ గొంతుతోనే. కాదు, ఆగండి, పాత టేపులోదే ఉంటే ఇంకా బావుంటుంది. అదే ఊపిరి కదా. టేపు రెండోవైపు ఉండి ఉంటుంది, మా హుయ్ దగ్గరుంది ఆ టేపు. అవునూ, ఒక్కటే కాపీ అన్నారు, మీ దగ్గరున్నది సంతలోకి ఎలా పోయింది? ఎవరికైనా ఇచ్చారా?”

“ఇవ్వలేదు. వాడే తీసుకుపోయాడు.”

“ఎవరు?”

“ఆ-తేక్.”

బాన్ మామా ఆ-సానూ మొహమొహాలు చూసుకున్నారు.

“నవ్వరు కదా?” గ్వాత్ అవ్వ గొంతు తగ్గించింది. “మూడేళ్ళ కిందట, ఏడో నెల పున్నమి. చనిపోయినవాళ్ళు ఇళ్ళకొచ్చే రోజు. వాడి పలక ముందు పాల చేప వండి పెట్టి, నేను గుడికెళ్ళాను. తలుపు తాళం వెయ్యను ఆ రోజు, వచ్చేవాళ్ళకి అడ్డం కదా. తిరిగొచ్చేసరికి చేప మొత్తం తినేసి ఉంది. కింద సొరుగు తెరిచి ఉంది. టేపు లేదు. వేరే ఏ వస్తువూ కదలలేదు. మళ్ళీ గుడికి పరిగెత్తాను. దేవుడి ముందు జోస్యం చెక్కలు వేసి అడిగాను, వచ్చింది నా బిడ్డేనా అని. మూడుసార్లు వేశాను. మూడుసార్లూ ఔననే పడ్డాయి.”

“పిల్లి తినుంటుందమ్మా” అన్నాడు బాన్ మామ మెల్లగా.

“పిల్లి సొరుగు తెరుస్తుందా? అయినా నాకు చెక్కలు కూడా అక్కర్లేదు. గిన్నె చూడగానే తెలుసు.” ముసలావిడ మొహం ఒక్క క్షణం పడుచుపిల్ల మొహమంత వెలిగింది. “పిల్లప్పటి నుంచీ వాడికొక పిచ్చి అలవాటు. చేప తిన్నాక ఆ రెండు కళ్ళూ తీసి గిన్నె అంచు మీద పెట్టేవాడు. కిటికీ వైపు చూసేట్టు. అన్నానికి కాపలా అమ్మా అనేవాడు. ఆ రోజు కూడా, అలాగే, రెండు కళ్ళు...”

ఆ-సాన్ చెయ్యి దానంతటదే బల్ల మీదున్న దినపత్రిక మీదికి వెళ్ళింది. గట్టిగా అదిమి పట్టుకుంది. ఫ్యాను గాలికి కాగితం అంచు లేస్తోంది, పడుతోంది. ఆ కాగితం కింద ఏముందో తనకి తెలుసు. మూడడుగుల దూరంలో కూర్చున్న తల్లికి తెలియదు.

చచ్చినవాళ్ళు వచ్చి చేప తింటారో లేదో చర్చి పిల్లకి తెలియదు గానీ, నాలుగేళ్ళుగా ఈ బల్ల దగ్గర రోజూ చేప తింటున్నవాడు చచ్చినవాడు కాదని తెలుసు. రేడియోలు బాగుచేసే చేతులు. టోపీ, మాస్కు. పేరులేదు. “సంతలో దొరికింది, పడవల కేక” అన్నప్పుడు అటు తిరిగి వైర్లు సర్దుకోవడం. పాటలో కేకకి ముందు ఏదో మాట కోసేసినట్టుందే అని తను అడిగితే, “అది పాడైపోయింది, అక్కర్లేదు” అనడం. కోసేసింది పేరు! తన పేరు తనే కోసుకున్నాడు!

చెప్పాలా? ఎలా చెప్పాలి? ఇరవై ఆరేళ్ళు పొద్దున్నే అన్నం పెట్టిన తల్లికి, నీ కొడుకు నాలుగేళ్ళుగా ఇదే ఊళ్ళో బతికే ఉన్నాడమ్మా, ఇంటికొచ్చి దొంగలా చేప తిని పోయాడమ్మా అని ఏ నోటితో చెప్పాలి? బాన్ మామ ఆ పిల్ల మొహం చూసి, “ఏమైందే? దయ్యాన్ని చూసినట్టు...” అన్నాడు.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

స్పీకర్లకి కలిపే ఉందని మరిచిపోయింది ఆ-సాన్. వేలు తగిలిందో, కట్ చెయ్యబోయి ఎత్తేసిందో, మనిషంత స్పీకర్లు రెండింట్లోంచీ గదంతా నిండిపోయేట్టు ఒక మగ గొంతు వినిపించింది. తీరిగ్గా, బజారు రొదలో నిలబడి మాట్లాడుతున్న గొంతు.

“ఆ-సాన్, నల్ల వైరు లేదట, ఎర్రది తెచ్చేస్తున్నా. ఏయ్, నా గిన్నె కడగకు, నేనొచ్చి కడుక్కుంటా. కాపలావాళ్ళని పారేశావంటే చంపుతా. వింటున్నావా?”

ఆ-సాన్ వినడం లేదు. గ్వాత్ అవ్వనే చూస్తోంది.

ముసలావిడ కదల్లేదు. కప్పు చేతిలోనే ఉంది. తల మాత్రం కొద్దిగా పక్కకి వంచింది, పక్క గదిలో ఉయ్యాలలోని బిడ్డ కదిలిన చప్పుడు విన్నదానిలాగా. పంతొమ్మిదేళ్ళ గొంతుకీ నలభై ఐదేళ్ళ గొంతుకీ పోలికేముంటుంది? లావైపోయి ఉంటుంది, పొగకి బొంగురుపోయి ఉంటుంది. కానీ ఆవిడే అంది కదా, ఊపిరి లావు చెయ్యలేరని.

“ఎవరది?” అని అడగలేదు ఆవిడ. ఆ-సాన్ వైపు చూడలేదు. కప్పు బల్ల మీద పెట్టి, ఎత్తుగా ఉన్న ఆ నల్ల పెట్టెల వైపు మొహమెత్తింది. పిలిచింది. ఇప్పటి ముసలి గొంతుతో కాదు. లారీ మీద, ధూపం పట్టుకుని, గాలికెదురుగా పిలిచిన గొంతుతో.

“ఆ-తేక్. వంతెనొచ్చింది నాయనా. దాటు.”

స్పీకర్లలో బజారు రొద వినిపిస్తూనే ఉంది. ఎవరో పనసపండు బేరమాడుతున్నారు. ఒక మోటారు బండి వెళ్ళిపోయింది. ఆ రొద వెనకాల, మనిషి ఆలోచించుకుని చెప్పే మాటలా కాక, చిన్నప్పుడు నిద్రలో పిలిస్తే పలికినట్టు, ఒక చిన్న గొంతు వచ్చింది.

“దాటుతున్నానమ్మా.”

బాన్ మామ గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు. “నలభై ఏళ్ళు ఊదానే” అన్నాడు ఎవరితోనో. “నలభై ఏళ్ళలో ఒక్కడంటే ఒక్కడు జవాబు చెప్పలేదు.”

తల్లి పరిగెత్తి ఆ స్పీకరుని కౌగిలించుకుంటుందనుకుంది ఆ-సాన్. స్పృహ తప్పుతుందేమో అని చేతులు చాచింది కూడా. దినపత్రిక ఎగిరి కింద పడింది. గిన్నె అంచు మీద నుంచి రెండు తెల్లటి కళ్ళు కిటికీ వైపు చూస్తున్నాయి. గ్వాత్ అవ్వ వాటిని చూసింది. ముట్టుకుంది. ఆవిడ మొహంలో సంతోషం మొదలైంది, నిజంగానే మొదలైంది. అంతలోనే ఎక్కడో మధ్యలో ఆగిపోయింది. చెయ్యి మోచేతి దగ్గరికి వెళ్ళింది, అక్కడ లేని మాసికని తడుముకున్నట్టు. పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు... పడవలో ఆరుగురు. ఐదుగురు తల్లులు. నీవాడు కనీసం ఇంటికొచ్చాడే అన్న ఐదుగురు.

మైకు మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

“ఆ-తేక్” అంది తల్లి. “నువ్వు అక్కడుంటే, మరి నేను ఏడు వంతెనలు దాటించి తెచ్చుకున్నది ఎవరి కొడుకునిరా?”